వారధి కట్టిన వర్తకుడు

వర్తకుల జీవితచరిత్రలు మన పత్రికలలో అరుదు. రాజుల కథలు, కవుల కథలు, దేశభక్తుల కథలు వ్రాసే కలం పచారీ కొట్టు గడప తొక్కడానికి సంకోచిస్తుంది. లాభం కోసం బ్రతికినవాని బ్రతుకులో లోకానికి చెప్పదగినది ఏమున్నదని మన తలంపు. కాని నెలజీతంతో సంసారం ఈదుకొని వచ్చే ఇల్లాలిని అడిగి చూడండి. ఏ మంత్రివర్గం పడిపోయినదన్నదానికంటె పంచదార ధర ఎంత పెరిగినదన్నదే ఆమెకు పెద్ద వార్త. నెలాఖరున నాలుగు డబ్బులు మిగిలితే పిల్లవానికి పుస్తకం వస్తుంది, మిగలకపోతే రాదు. ఆ నాలుగు డబ్బులు ఆమె చేతిలో మిగల్చడం ఎట్లాగన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని, దానికోసం వీధివీధికి బండ్లు పంపి, న్యాయస్థానాల మెట్లెక్కి, శాసనసభలో పోరాడి, చివరకు తన వ్యాపారాన్నే ధారపోసిన వర్తకుడొకడు యూరపుఖండంలో ఉండేవాడు. ఆయన పేరు గొట్లీబ్ డుట్‌వైలర్. స్విట్జర్లాండు ప్రజలు ఆయనను ముద్దుగా డుట్టి అని పిలుచుకొనేవారు.

డుట్‌వైలర్ 1888వ సంవత్సరం ఆగస్టు 15వ తేదీన జూరిచ్ నగరంలో జన్మించినాడు. తండ్రి ఆ నగరంలోని వినియోగదారుల సహకార సంఘానికి నిర్వాహకుడు. సరుకు ఎక్కడ కొనాలి, ఎంతకు అమ్మాలి అనే ముచ్చట్లు బాలునికి ఇంటిలోనే వినవచ్చేవి. బడి చదువుమీద ఆయనకు మనసు నిలువలేదు. చిన్న వయస్సుననే ఒక టోకు వర్తక సంస్థలో పని నేర్చుకొనడానికి చేరినాడు. సరుకు చూడగానే దాని మేలు కీళ్లు పసిగట్టే చూపు, బేరం తెగేదాకా వదలని పట్టు, దేశాలు తిరిగే ఓపిక ఆయనకు సహజంగా అబ్బినవి. అందుచేత గుమాస్తాగా చేరిన సంస్థలోనే భాగస్వామి కాగలిగినాడు. 1913లో ఆడెల్ బెర్చి అనే యువతిని వివాహమాడినాడు. ఈ దంపతులకు సంతానం కలుగలేదు. ఈ సంగతి ముందుకథలో మరల జ్ఞాపకం చేసుకొనవలసి ఉంటుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో స్విట్జర్లాండు తటస్థంగా ఉన్నది. కాని కొండలనడుమ ఉన్న ఆ చిన్నదేశానికి కాఫీ, పంచదార, బియ్యం వంటివన్నీ పరాయి దేశాలనుండి రావలసినవే. అట్టి కాలంలో సరుకు తేగలిగినవానికి ఎదురు లేదు. డుట్‌వైలర్ సంపన్నుడైనాడు. జూరిచ్ సరస్సు ఒడ్డున ర్యూష్లికోన్ గ్రామంలో గొప్ప భవనం కట్టించుకొన్నాడు. యుద్ధం ముగిసిన పిదప ధరలు ఒక్కసారిగా కూలినవి. గిడ్డంగులలో నిండియున్న సరుకు విలువ రోజురోజుకు కరిగిపోయినది. 1923లో సంస్థ మూతపడినది. ఐశ్వర్యమంతా వచ్చిన దారినే వెళ్లిపోయినది. అప్పటికి ఆయనకు 35 సంవత్సరాలు.

భార్యను వెంటబెట్టుకొని ఆయన బ్రెజిల్ దేశానికి వెళ్లినాడు. అక్కడ తోట కొని వ్యవసాయం ప్రారంభించినాడు. టోకు వర్తకుడుగా కాఫీని బస్తాల లెక్కన మాత్రమే ఎరిగినవాడు, ఇప్పుడు దానిని చెట్టుమీద చూచినాడు. ఆడెల్ ఆరోగ్యానికి ఆ దేశపు గాలి సరిపడలేదు. 1924లో దంపతులు స్వదేశానికి తిరిగివచ్చినారు. వ్యవసాయంలో ఆయన గడించినది ధనం కాదు, ఒక లెక్క. కాఫీ గింజ పండించిన రైతుకు ముట్టే ధర ఎంతో ఆయనకు తెలిసినది. జూరిచ్‌లో ఇల్లాలు అదే గింజకు చెల్లించే ధర ఎంతో ముందే తెలుసును. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరం సముద్రమంత ఉన్నది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు చెప్పిన సామెత ఆ తెల్లజాతి వర్తకునికి అనుభవంమీద అర్థమైనది. ఓడ కిరాయి, సుంకం, వేయించే కూలి తీసివేసినా లెక్క సరిపడలేదు. మిగిలినదంతా చేతులు మారడంలో, అంగళ్ల అలంకారంలో, గిడ్డంగులలో సరుకు నిద్రించడంలో పోతున్నదని ఆయన నిశ్చయించుకొన్నాడు.

1925వ సంవత్సరం ఆగస్టు నెలలో, లక్ష ఫ్రాంకుల మూలధనంతో ఆయన కొత్త వ్యాపారం పెట్టినాడు. దానికి మీగ్రో అని పేరు. సగం టోకు అనే భావం వచ్చేటట్లుగా ఫ్రెంచి మాటలను కుదించి కట్టిన పేరది. టోకు ధరకూ చిల్లర ధరకూ నడిమధ్య నిలిచి అమ్ముతానని ఆ పేరులోనే ఒప్పందం ఉన్నది. ఆగస్టు 25వ తేదీన ఐదు ఫోర్డు మోటారు బండ్లు జూరిచ్ వీధులలోకి బయలుదేరినవి. అంగడి లేదు, అద్దాల బీరువాలు లేవు, వంగి నమస్కరించే గుమాస్తాలు లేరు. ఆ బండ్లలో ఉన్నవి ఆరే ఆరు సరుకులు: కాఫీ, బియ్యం, పంచదార, సేమియా జాతికి చెందిన గోధుమ పదార్థాలు, వంటకు వాడే కొబ్బరి కొవ్వు, సబ్బు. నగరంలో 178 మజిలీలు ఏర్పరచి, ఏ వీధికి ఏ వేళకు బండి వచ్చునో ముందుగానే కరపత్రాలలో అచ్చువేయించి పంచినాడు.

ఆ కరపత్రాలలో ఆయన ఇల్లాండ్రకు ఒక విన్నపం చేసినాడు. లెక్క వేసుకొనక తప్పని పేదయింటి ఇల్లాలికీ, లెక్క వేయగల తెలివి ఉన్న ఇల్లాలికీ తన బండి వస్తున్నదని దాని తాత్పర్యం. ఈ రెండవ మాటలోనే ఆయన నేర్పంతా ఉన్నది. చవుక సరుకు కొనడం ఎక్కడైనా కొంత నామోషీగానే ఉంటుంది. ఇరుగుపొరుగువారు చూస్తే తమ లేమి బయటపడుతుందని మర్యాదస్థులు వెనుదీస్తారు. చవుకగా కొనడం బీదతనానికి గుర్తు కానక్కరలేదనీ, బుద్ధికి గుర్తు కావచ్చుననీ చెప్పి ఆయన వారి సంకోచాన్ని పోగొట్టినాడు.

ధరలు ఎట్లా తగ్గినవో చూడడం అవసరం. ఆయన గారడి ఏమీ చేయలేదు. సరుకులు ఆరే కావడంచేత ఒక్కొక్కదానిని పెద్ద మొత్తంలో కొనగలిగినాడు. బండే అంగడి కావడంచేత అద్దె లేదు. బండి తోలేవాడే సరుకు అందించేవాడు. అరువు ఇవ్వలేదు, ఇవ్వకపోవడంచేత మునిగిపోయే బాకీలు లేవు, ఆ బాకీల భారం రొక్కమిచ్చేవారిమీద పడలేదు. ఆగిన ప్రతిచోటా చిల్లర లెక్కపెట్టుతూ కూర్చుంటే కాలం వ్యర్థమని, ధరను సరిపోయే నాణేలకు కుదించి, తూకాన్ని దానికి తగినట్లుగా సర్దించినాడు. కాబట్టి పొట్లంలో సరుకు విడ్డూరమైన తూకాలలో ఉండేది. కాని ఇల్లాలు ఒక నాణెం అందించి, పొట్లం అందుకొని, పక్కకు తప్పుకొనేది. పొద్దున నిండిన బండి సాయంకాలానికి ఖాళీ అయ్యేది. సరుకు నిలువ లేనందున పెట్టుబడి మరల మరల తిరిగేది. ఒక్కొక్క పొట్లంమీద లాభం స్వల్పం, పొట్లాలు అనేకం. కొన్ని సరుకుల ధర ఇతర అంగళ్లకంటె 40 శాతం దాకా తక్కువ. నేడు అలంకారాలు లేకుండా, అట్టపెట్టెలనుండే సరుకు అమ్మే పెద్ద చవుక అంగళ్లు లోకమంతటా ఉన్నవి. వాటి కీలకసూత్రాలలో పెక్కు ఆ ఐదు బండ్లలో అప్పుడే ఉన్నవని చెప్పవచ్చును.

బండ్ల చుట్టూ స్త్రీలు గుమిగూడినారు. అంతే వేగంగా శత్రువులు కూడా గుమిగూడినారు. చిల్లర వర్తకులు మండిపడినారు. కొన్ని ప్రాంతాల అధికారులు బండ్లమీద బరువైన రుసుములు విధించినారు. పేరుపొందిన సరుకుల తయారీదారులు మీగ్రోకు సరుకు ఇవ్వమని భీష్మించుకొన్నారు. తమ సరుకు అక్కడ చవుకగా దొరికితే తక్కిన అంగళ్లవారు దానిని ముట్టరని వారి భయం. డుట్‌వైలర్ వెనుకకు తగ్గలేదు. బండ్లతోబాటు 1926లో మొదటి అంగడి కూడా తెరిచినాడు. సరుకు ఇచ్చేవారు లేకపోతే తామే తయారుచేయవలెనని 1928లో మైలెన్ గ్రామంలోని పండ్లరసాల కర్మాగారాన్ని కొన్నాడు. అది మత్తులేని పానీయాలు చేసే కర్మాగారం. ఆ సంవత్సరమే మీగ్రో మద్యం, పొగాకు అమ్మరాదని నిర్ణయమైనది. లాభం మెండుగా వచ్చే సరుకులు అవి రెండూ. వాటిని వదులుకొన్న వర్తకుని ఉద్దేశాన్ని శత్రువులు కూడా సులభంగా శంకించలేకపోయినారు.

తన సొంత తయారీలకు పేర్లు పెట్టడంలో ఆయన చిలిపితనం బయటపడేది. కెఫీను తీసివేసిన కాఫీ ఒకటి హాగ్ అనే పేరుతో ప్రసిద్ధమై ఉండేది. ఆ మాటకు జర్మను భాషలో కంచె అనే అర్థం కూడా ఉన్నది. తాను అట్టి కాఫీనే చవుకగా చేయించి, కంచెకే మరొక మాటయైన త్సౌన్ అని దానికి పేరు పెట్టినాడు. ఓవొమాల్టిన్ అనే బలవర్ధక పానీయం పేరులో లాటిను గుడ్డు ఉంటే, తన పానీయానికి జర్మను గుడ్డు చేర్చి ఐమాల్జిన్ అన్నాడు. దేశం నవ్వినది. తయారీదారులు వ్యాజ్యాలు వేసినారు. ఆయన ఓడిపోయిన వ్యాజ్యాలు కూడా ఉన్నవి. కాని వ్యాజ్యం జరిగినన్నాళ్లూ ఏ సరుకు అసలు ఖరీదెంత, అమ్మే ధరెంత అనే చర్చ వార్తాపత్రికలలో నడిచేది. ఆయనకు కావలసినది అదే.

ఇక్కడ చిల్లర వర్తకుల పక్షం కూడా చెప్పడం న్యాయం. మూల మలుపులో చిన్న కొట్టు పెట్టుకొని, కష్టకాలంలో పేదలకు అరువు ఇచ్చి, వారి పిల్లల పేర్లు కూడా ఎరిగిన వర్తకుడు దొంగ కాడు. 1930 తరువాత లోకాన్ని ఆవరించిన ఆర్థికమాంద్యంలో అతని బ్రతుకు కూడా దీపంవలె రెపరెపలాడినది. రొక్కం ఉన్న ఇల్లాలు బండి దగ్గరకు పోతే, రొక్కం లేని ఇల్లాలు మాత్రమే అతనికి మిగిలినది. అతని మొరను ప్రభుత్వం ఆలకించినది. 1933 అక్టోబరులో పెద్ద వర్తక సంస్థలు కొత్త శాఖలు తెరువరాదని, ఉన్నవాటిని పెంచరాదని శాసనం వచ్చినది. ఆ నిషేధం 1945 చివరిదాకా సాగినది. ఒక అంగడిని కాపాడడానికి వేయి వంటయిళ్లు ఎక్కువ ధర చెల్లించవలెనా, వేయి వంటయిళ్లకు మేలు చేయడానికి ఒక కుటుంబం వీధిని పడవలెనా అన్నది సులభంగా తెగే ప్రశ్న కాదు. డుట్‌వైలర్ ఇల్లాండ్ర పక్షం వహించినాడు. ఆ పక్షానికి ఒక మూల్యమున్నదన్న మాట మనం మరువరాదు.

వర్తకానికి సంకెళ్లు పడగా ఆయన రాజకీయాలలోకి దిగినాడు. 1935 ఎన్నికలలో ఆయన నిలిపిన స్వతంత్రుల పక్షానికి ఏడు స్థానాలు లభించినవి. ఆయన తానొక్కడే మూడు ప్రాంతాలలో గెలిచినాడు. మరుసటి సంవత్సరం ఆ పక్షం స్వతంత్రుల కూటమిగా రూపొందినది. అదే 1935లో మాంద్యంవల్ల ఖాళీగా పడియున్న హోటళ్లను చూచి, సామాన్య కుటుంబాలకు చవుకగా విహారయాత్రలు ఏర్పాటుచేసే సంస్థను స్థాపించినాడు. దాని పేరు హోటెల్‌ప్లాన్. గది ఖాళీగా ఉండడంకంటె తక్కువ అద్దెకు నిండడం మేలన్న సూత్రం కాఫీ పొట్లానికి వర్తించినట్లే పర్వతశిఖరాలకూ వర్తించినది. అంతకుముందు కొండలను దూరంనుండి మాత్రమే చూచిన శ్రామికులు ఆ కొండలమీద సెలవులు గడపగలిగినారు.

శాసనసభలో ఆయన మర్యాదస్థుడుగా కూర్చుండలేదు. మరొక యుద్ధం వస్తే దేశానికి తిండిగింజల నిలువలు ఉండవలెనని ఆయన పట్టుపట్టినాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిదప కూడా ఆ ప్రతిపాదనను సభ మాటిమాటికి వాయిదా వేస్తూ వచ్చినది. 1948లో ఒకనాడు, అరవై ఏండ్ల ఆ ప్రతినిధి రాళ్లు తీసుకొని పార్లమెంటు భవనపు కిటికీ అద్దం పగులగొట్టినాడు. వివేకులు తలలు ఊపినారు. పత్రికలు ఎగతాళి చేసినవి. వయసుకు, పదవికి తగని పని అది. అయితే ఆకలి కథను చెవిని పెట్టనివారికి అద్దం పగిలిన శబ్దమైనా వినబడవలెనని ఆయన తలచినాడు.

ఆయన జీవితంలో పరమఘట్టం 1941లో వచ్చినది. నాటికి మీగ్రో దేశంలోని పెద్ద వర్తక సంస్థలలో ఒకటి. చుట్టూ యుద్ధం. సంతానం లేని ఆ దంపతులు ఆలోచించి, తమ వ్యాపారాన్ని కొనుగోలుదారులకే కానుకగా ఇచ్చివేసినారు. వర్తక సంస్థ సహకార సంఘాలుగా మారినది. పేరు నమోదు చేసుకొన్నవారికి ఒక్కొక్కటి 30 ఫ్రాంకుల విలువగల వాటా పత్రాలు ఉచితంగా అందినవి. నిన్నటిదాకా బండి దగ్గర నాణెం చేతబట్టుకొని నిలిచిన ఇల్లాలు నేడు ఆ బండికి యజమానురాలు. స్విట్జర్లాండు స్త్రీలకు దేశవ్యాప్త ఎన్నికలలో ఓటుహక్కు 1971లోగాని రాలేదు. కాని పార్లమెంటుకు ప్రతినిధిని ఎన్నుకొనలేని స్త్రీ తన సహకార సంఘంలో సభ్యురాలుగా ఓటు వేయగలిగినది. ఈ దానంలో యుక్తి కూడా ఉన్నదని శంకించినవారు లేకపోలేదు. ఆస్తిని ఇచ్చినా అధికారాన్ని ఇవ్వలేదని మరికొందరు అన్నారు. ఈ రెండవ ఆక్షేపణలో నిజం ఉన్నది. మరణించేదాకా పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నవి. ఎదురుమాట సహించే స్వభావం ఆయనది కాదు. ఆయనతో పనిచేసి విడిపోయినవారు అనేకులు. కాని తిరిగి తీసుకొనరాని విధంగా ఇచ్చినాడన్నది కూడా నిజమే. వారసుడు లేని ఇంటికి దేశంలోని వంటయిళ్లన్నీ వారసులైనవి.

కడుపు నిండిన తరువాత మనిషికి ఏమి కావలెనన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1942లో సభ్యులకోసం వారపత్రిక ప్రారంభమైనది. దాని పేరుకు మేము వారధి కట్టేవారమని అర్థం. పండించేవానికీ తినేవానికీ నడుమ వారధి కావడమే మీగ్రో పని అని ఆయన మతం. 1944లో సామాన్యులు పరభాషలు నేర్చుకొనడానికి చవుక రుసుముతో తరగతులు ఏర్పాటుచేసినాడు. క్రమంగా అవి చిత్రలేఖనానికి, సంగీతానికి, చేతిపనులకు విస్తరించినవి. 1946లో ర్యూష్లికోన్‌లోని తమ తోటను ప్రజల ఉద్యానంగా సమర్పించినారు. 1948లో కొనేవారు తమకు కావలసినది తామే తీసుకొనే పద్ధతి అంగడిని జూరిచ్‌లో తెరిచినాడు. 1954లో చవుక పెట్రోలు అమ్మకం మొదలైనది. అదే సంవత్సరం తుర్కీ దేశంలో ఇస్తాంబుల్ నగరానికి కూడా మీగ్రో బండ్లు వెళ్లినవి.

1957లో ఆయన చేయించిన ఏర్పాటు మరింత విశేషమైనది. మీగ్రో అమ్మకాలలో ఒక భాగం సంగీతం, నాటకం, విద్య మొదలైన వాటికి ఏటేటా వెచ్చించవలెనని సంస్థ నిబంధనలలోనే చేర్చినారు. కేంద్రసంఘం నూటికి ఒకటి, ప్రాంతీయ సంఘాలు నూటికి అర ఇవ్వవలెను. ఇందులో గమనించదగిన సూక్ష్మమొకటి ఉన్నది. ఆ వంతు లాభంమీద లెక్కించేది కాదు, అమ్మకంమీద లెక్కించేది. లాభం రాని ఏడు కూడా ఇవ్వక తప్పదు. దానధర్మాలు మిగులునుండి చేయడం ధనికుల వాడుక. ఈయన దానిని ఉప్పు పప్పుల ఖర్చువలె తప్పనిసరి వ్యయంగా వ్రాయించినాడు. ఒక్కొక్క రాపెను కూడగట్టుకొనే ఇల్లాలు సబ్బు కొన్నప్పుడెల్ల ఒక సంగీతసభకు ఇంత చేర్చుతున్నదన్నమాట.

ఆయన సొంత జీవితం నిరాడంబరం. అంత పెద్ద సంస్థకు నాయకుడైనా ఫియట్ టోపోలీనో అనే చిన్న కారులో, తన భారీ విగ్రహాన్ని ఇరికించుకొని తిరిగేవాడు. యౌవనంలో కట్టించుకొన్న భవనం పోయిన తరువాత అట్టి భవనం మరల కోరలేదు. 1962వ సంవత్సరం జూన్ 8వ తేదీన ఆయన మరణించినాడు. ఆయన పేరు ధరించిన పరిశోధనాసంస్థ మరుసటి సంవత్సరం ర్యూష్లికోన్‌లో ప్రారంభమైనది. ఆడెల్ 1990 దాకా జీవించి భర్త ఆశయాలకు కాపుగా నిలిచినది.

ఆయన తరువాత కథ కూడా కొంత చెప్పవలసి ఉన్నది. స్వతంత్రుల కూటమి 1999లో అంతరించినది. మీగ్రో మాత్రం ఇరవై లక్షలకు మించిన సభ్యులతో దేశంలోని మహాసంస్థలలో ఒకటిగా నిలిచినది. పెద్దదైన కొలదీ దానికీ అద్దాలు, అలంకారాలు వచ్చినవి. 1996లో ఆడంబరం లేని పొట్లాలలో చవుక సరుకుల వరుసను అది ప్రత్యేకంగా ప్రవేశపెట్టవలసివచ్చినది. 2005లో ఆల్డి, 2009లో లిడ్ల్ అనే జర్మను చవుక అంగళ్లు స్విట్జర్లాండులో అడుగుపెట్టినవి. ఒకనాడు ఐదు బండ్లతో అంగళ్లవారిని వణికించిన సంస్థ ఆ కొత్తవారిని చూచి తానే జాగ్రత్తపడవలసివచ్చినది. 2007లో మద్యం, పొగాకు అమ్మే డెన్నర్ అనే చవుక అంగళ్ల సంస్థ మీగ్రో వశమైనది. అయినా తన సొంత అంగళ్లలో మద్యం అమ్మవచ్చునా అని 2022లో సభ్యులను అడిగినప్పుడు, పది ప్రాంతీయ సంఘాల సభ్యులూ వద్దనే తీర్పు చెప్పినారు. స్థాపకుడు పోయిన అరవై ఏండ్లకు ఆయన నియమాన్ని నిలిపినది ఆయన వారసులు కారు, ఆయన వాటాలు పంచియిచ్చిన కొనుగోలుదారుల పరంపర.

చవుకదనంలో రెండు తెగలున్నవి. పండించినవాని కడుపు కొట్టి, పనిచేసినవాని కూలి తగ్గించి తెచ్చే చవుకదనం ఒకటి. నడుమ వ్యర్థమయ్యే కాలాన్ని, చోటును, ఆడంబరాన్ని ఏరివేసి తెచ్చే చవుకదనం మరొకటి. చూడడానికి పొట్లంమీద రెండింటికీ ఒకటే ధర ఉంటుంది. ఏది ఏ తెగకు చెందినదో తేల్చుకొనడానికి కొనేవారు ధరతో ఆగక, దాని వెనుకనున్న లెక్కను కూడా అడగవలెను. డుట్‌వైలర్ తన లెక్కను కరపత్రాలలో అచ్చువేసి వీధిలో పంచినాడు. వచ్చిన లాభాన్ని చివరకు ఆ వీధికే అప్పగించినాడు. వర్తకుని జీవితంలోనూ చెప్పదగిన కథ ఉండునని ఒప్పుకొనడానికి ఆ ఒక్క సాక్ష్యం చాలును.